కన్నీళ్ళు తీసేస్తే ఆ దెబ్బకు బరువెక్కడిది?

అడిగిన ప్రశ్న: "కుంగ్‌ఫూ, కరాటే సినిమాల్లో ఒక పక్క ఎముకలు విరిచే ఫైట్లు, ఇంకో పక్క ఏడుపులు. ఈ రెండూ ఎట్లా పొసుగుతాయి? మా తమ్ముడు ఇంటర్ చదువుతూ రోజూ ఇవే చూస్తున్నాడు, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది."

పొసగకపోవడం ఏముందండీ, విడదీస్తేనే రెండూ చెడిపోతాయి. నాది మిర్యాలగూడ. స్కూలు గ్రౌండులో కరాటే నేర్చుకున్నాను, ఇప్పుడు నల్లగొండలో సాయంత్రం పూట పిల్లలకు నేర్పుతున్నాను. ఈ సినిమాలు నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను కాబట్టి గట్టిగానే చెప్తాను: మంచి మార్షల్ ఆర్ట్స్ సినిమాలో ఫైట్ వేరు, బాధ వేరు కాదు. ఆ మనిషి నోటితో చెప్పలేని బాధే చేతుల్లోకి దిగుతుంది.

ఇది చాలామందికి ఎందుకు కనిపించడం లేదంటే, వాళ్ళు సినిమా చూడటం లేదు, ముక్కలు చూస్తున్నారు. ఫోన్‌లో నాలుగు నిమిషాల క్లిప్. పైన పెద్ద అక్షరాలతో "ఒక్కడు పది మందిని కొట్టిన సీన్". ఆ ఒక్కడు ఎవడు, ఎందుకు కొడుతున్నాడు, అంతకు ముందు వాడి ఇంట్లో ఏం జరిగింది, అంతా కత్తిరించి పారేస్తారు. అట్లా చూస్తే అది క్రూరంగానే ఉంటుంది. నా దగ్గరికి వచ్చే పిల్లలకు కూడా ఇదే అలవాటు. కాలు ఎంత ఎత్తుకు లేచిందో చెప్తారు, కథ అడిగితే బిత్తర చూపులు చూస్తారు. నాకు దీని మీద చాలా కోపం.

ఆ పది మంది సీన్ సంగతే తీసుకోండి. అది 2008లో వచ్చిన ఇప్ మ్యాన్ సినిమాలోది. చైనాలో జరిగే కథ, హీరో పాత్ర ఒక కుంగ్‌ఫూ మాస్టర్. హీరో డానీ యెన్, ఫైట్లు కట్టింది సామ్మో హుంగ్. ఆ సినిమా మొదటి సగంలో ఒక సవాలు ఫైట్ ఉంటుంది. బయటి ఊరి నుంచి వచ్చిన మొరటు మనిషి ఒకడు హీరో ఇంట్లోనే కొట్లాటకు దిగుతాడు. హీరో చాలాసేపు కాచుకుంటాడే తప్ప కొట్టడు. సామాను పగులుతూ ఉంటుంది. అప్పుడు ఆయన కొడుకు మూడు చక్రాల బండి తొక్కుకుంటూ వచ్చి, నువ్వు తిరిగి కొట్టకపోతే ఇంట్లో సామానంతా పగిలిపోతుందని అమ్మ చెప్పమంది అంటాడు. ఆ తర్వాత హీరో ఈకల చీపురు పట్టుకుని వాణ్ణి ఓడిస్తాడు. గాయం చేయాలని లేదు, అవమానించాలని కూడా లేదు. అంత మర్యాదస్తుడు.

తర్వాత జపాన్ సైన్యం వస్తుంది. ఇల్లు పోతుంది. అదే మనిషి బొగ్గు ఎత్తే కూలీ అవుతాడు. ఇంట్లో గంజి కూడా పలచన. జపాన్ జనరల్ ఒకడు, మా వాళ్ళతో పోటీకి దిగి గెలిచినవాడికి ఒక సంచి బియ్యం అని చాటిస్తాడు. హీరో దోస్తు వెళ్తాడు, తిరిగి రాడు. వెతుక్కుంటూ వెళ్ళిన హీరో కళ్ళ ముందే, ఓడిపోయి తన బియ్యం సంచి తీసుకోబోయిన ఇంకో గురువును తుపాకితో కాల్చేస్తారు. అప్పుడు అంటాడు, నాకు పది మంది కావాలని.

ఈ సినిమా నేను మా నాయినకు చూపించాను. మా నాయిన మిర్యాలగూడలో రైస్ మిల్లు హమాలీ. సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో పండిన వడ్లు మా ఊరి మిల్లులకు వస్తాయి, ఆ బస్తాలు ఎత్తీ ఎత్తీ ఆయన మెడ వెనక చర్మం మొద్దుబారిపోయింది. మాట తక్కువ మనిషి. కూలీ ఎంత వచ్చిందో అమ్మకు చెప్తాడు, నడుము నొప్పి సంగతి చెప్పడు. సినిమాకు వెళ్దామంటే నిద్ర చెడుతుందంటాడు. ఆ రోజు మాత్రం మిల్లు బంద్ ఉండి ఇంట్లో ఉన్నాడు. కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతుంటే నేను ఒక్కో మాటా ఆయనకు చెప్తూ వచ్చాను.

ఈకల చీపురు ఫైట్ దగ్గర ఊరికే చూశాడు, ఏమీ అనలేదు. బొగ్గు మోసే సీన్ రాగానే గోడకు ఆనుకున్నవాడు ముందుకు జరిగాడు. బియ్యం సంచి చూపించినప్పుడు నన్ను ఆపమన్నాడు.

"గా సంచిల ఎన్ని కిలోలుంటయిరా?"

"ఐదు కిలోలు గూడ ఉండయనుకుంట నాయినా."

"గంత దానికే పానం మీదికి తెచ్చుకున్నడా?"

రోజంతా బస్తాలు మోసే మనిషికి ఆ సంచి ఎంత చిన్నదో నాకంటే ముందే తెలిసింది. నేను అంతకు ముందు ఎన్నోసార్లు ఆ సినిమా చూశాను, ఒక్కసారి కూడా సంచి సైజు చూడలేదు. నా కళ్ళెప్పుడూ చేతుల మీదే ఉండేవి.

పది మంది ఫైట్ మొదలైంది. మీరు చూసి ఉంటే తెలుస్తుంది, అందులో హీరో ముందటి లాగా కాచుకోడు. చేతులు విరుస్తాడు, కాళ్ళు విరుస్తాడు, కింద పడ్డవాడి మీద కూర్చుని ముఖం మీద గుద్దులు గుద్దుతూనే ఉంటాడు. ఆ చప్పుడుకు అమ్మ వంటింట్లో నుంచి వచ్చింది. అమ్మకు ఫైట్లంటే అసలు పడదు. "గిదేం సినిమా, గట్ల సంపుకునుడు" అని తిట్టబోయింది. నేను సర్దిచెప్పేలోపే నాయిన చెప్పాడు: "ఇంట్ల తిండి లేదు. వీని దోస్తు బియ్యం కోసమని వోయిండు, మళ్ళ రాలే. గందుకే కొడుతుండు."

అంతే చెప్పాడు. అమ్మ అక్కడే చాప మీద కూర్చుంది. గరిట చేతిలోనే ఉంది. ఫైట్ అయిపోయి, గెలిచిన బియ్యం తీసుకుపొమ్మంటే ఆ మనిషి నేను బియ్యం కోసం రాలేదు అన్నప్పుడు అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మరి అమ్మ ఏ సెంటిమెంటు సీన్ చూసి ఏడ్చింది? పాట రాలేదు, మంచం మీద ప్రాణం పోయే సీన్ రాలేదు. ఎముకలు విరిచే ఫైట్ చూసే ఏడ్చింది. మీ ప్రశ్నకు నా జవాబు ఇదే.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. ఈ సినిమా చూసి చాలామంది అదంతా నిజంగా జరిగిందని వాదిస్తారు. ఇప్ మ్యాన్ నిజంగా ఉన్న మనిషే. ఫోషాన్ అనే ఊళ్ళో 1893లో పుట్టాడు, తర్వాత హాంకాంగ్‌కు వలసపోయి వింగ్ చున్ అనే కుంగ్‌ఫూ విద్య నేర్పాడు, 1972లో పోయాడు. బ్రూస్ లీ ఆయన శిష్యుడే. ఇంతవరకు చరిత్ర. పది మందితో కొట్లాట సినిమా కోసం అల్లిన కథ. అల్లిన కథ అయితే తక్కువేమీ కాదు, కానీ చరిత్ర అని పిల్లలకు నూరిపోయొద్దు.

బ్రూస్ లీ గురించి కూడా చెప్పాలి. ఆయన స్పీడ్ గురించి, కండల గురించి అందరూ మాట్లాడతారు. ముఖం గురించి ఎవరూ మాట్లాడరు. 1973లో వచ్చిన ఎంటర్ ది డ్రాగన్‌లో చెల్లెలి చావుకు కారణమైనవాణ్ణి చంపే ఘట్టం ఉంది. కింద పడ్డవాడి మీదకు ఎగిరి కాలు మోపుతాడు. ఆ దెబ్బ మనకు చూపించరు, బ్రూస్ లీ ముఖమే చూపిస్తారు. ఆ ముఖంలో గెలిచిన సంతోషం లేదు. దెబ్బ తనకే తగిలినట్టు వంకర్లు తిరిగిపోతుంది. పగ తీరితే చెల్లెలు తిరిగి రాదన్న సంగతి ఆ ముఖం చెప్పినట్టు ఏ డైలాగూ చెప్పలేదు. నా దృష్టిలో ఆయన కిక్కుల కంటే ఆ నటన గొప్పది.

మన సినిమాల్లో తేడా ఎక్కడ వస్తుందంటే, ఫైట్ మాస్టర్ ఒక సినిమా తీస్తాడు, డైరెక్టర్ ఇంకో సినిమా తీస్తాడు. అమ్మ చనిపోతుంది, పాట వస్తుంది, అందరూ ఏడుస్తారు. తర్వాత ఫైట్‌లో హీరో తాపీగా చొక్కా మడతపెట్టుకుంటూ నడుస్తాడు, తాళ్ళు కట్టిన మనుషులు గాల్లో లేస్తారు. ఏడ్చిన కొడుకెక్కడ? హీరోకు ఒక్క దెబ్బ తగలనివ్వరు. దెబ్బ తినని మనిషి మీద నాకు జాలి ఎందుకు కలుగుతుంది? అందుకే 2003లో పూరి జగన్నాథ్ తీసిన అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి అంటే నాకు ఇష్టం. అందులో కిక్ బాక్సింగ్ కంటే తల్లీ కొడుకుల దోస్తీ బలంగా ఉంటుంది. ఆ తల్లి పోయాక, వదిలేసి వెళ్ళిన తండ్రి దగ్గరికే కొడుకు పోవాల్సి రావడం, ఆ తండ్రే కోచ్ కావడం, ఇవన్నీ బరిలో కొట్టే ప్రతి గుద్దు వెనకాల ఉంటాయి.

నేర్పే చోట కూడా ఇదే గోస. నేను చూసిన ఒక క్లాసులో ఫీజు కడితే చాలు, బెల్టు రంగు మారిపోతుంది. దెబ్బ తగిలితే ఎట్లా ఉంటుందో ఆ పిల్లవాడికి తెలియదు, కానీ నడుముకు బ్లాక్ బెల్టుకు ముందు మెట్టైన బ్రౌన్ బెల్టు. తల్లిదండ్రులు ఫొటో దిగి సంతోషపడతారు. నా దగ్గర చేరే పిల్లవాడికి ముందు పడటం నేర్పుతాను, తర్వాత కాచుకోవడం. దెబ్బ రుచి తెలిసినవాడు బడి దగ్గర ఊరికే చెయ్యి ఎత్తడు. ఈ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు.

చాలామంది కథే లేదని కొట్టిపారేసే సినిమా ది రెయిడ్. ఇండోనేషియా సినిమా, 2011లో వచ్చింది, తీసిన గారెత్ ఎవాన్స్ వేల్స్ దేశస్థుడు. పెన్‌చాక్ సిలాట్ అనే అక్కడి విద్య మీద డాక్యుమెంటరీ తీస్తున్నప్పుడు ఆయనకు హీరో ఈకో ఉవాయిస్ దొరికాడు. కథ లేదంటారా? కడుపుతో ఉన్న భార్యను ఇంట్లో వదిలి ఒక పోలీసు రౌడీల బిల్డింగులోకి వెళ్తాడు. ఆ బిల్డింగులో రౌడీలతో కలిసిపోయిన సొంత అన్న ఉన్నాడు. చివర్లో అన్నదమ్ములిద్దరూ కలిసి ఒక్కడితో కొట్లాడతారు, ఇద్దరున్నా వాణ్ణి ఆపడం కష్టమవుతుంది. సినిమాలోకెల్లా భయంకరమైన ఫైట్ అదే. ఆ అన్నదమ్ములు మళ్ళీ ఒక్కటైంది కూడా అక్కడే. ఇంత జరిగాక కూడా అన్న తమ్ముడి వెంట బయటికి రాడు, ఇదే నా చోటు అని ఉండిపోతాడు. ఇల్లు విడిచి పోయిన అన్నలున్న ఇళ్ళు మన దగ్గర తక్కువా? పాలమూరు నుంచి బొంబాయి బస్సు ఎక్కి మళ్ళీ రానివాళ్ళ ఇళ్ళల్లో అడగండి, ఆ తమ్ముడి బాధేమిటో చెప్తారు.

ఇక మీ తమ్ముడి సంగతి. ఫోన్ లాక్కోవద్దు, తిట్టొద్దు. ఏం చూస్తున్నాడో అడగండి. క్లిప్పులే చూస్తుంటే పూర్తి సినిమా పెట్టి మీరూ పక్కన కూర్చోండి. ఇప్ మ్యాన్‌తో మొదలుపెట్టండి, వీలైతే మీ అమ్మానాన్నలను కూడా పిలవండి. రెయిడ్ మాత్రం ఇప్పుడే వద్దు, గొంతులు కోసే సీన్లు చాలా ఉన్నాయి, అది పెద్దవాళ్ళ సినిమా. కరాటే నేర్చుకుంటానంటే దగ్గర్లో ఏదైనా క్లాసులో చేర్పించండి. చేర్పించే ముందు ఒక సాయంత్రం వెళ్ళి, అక్కడ మొదటి నెల పిల్లలకు ఏం నేర్పుతున్నారో మీ కళ్ళతో చూడండి. కింద పడటం నేర్పుతుంటే ధైర్యంగా చేర్పించవచ్చు.