ద్వీపాల్లోని పరిశీలన కేంద్రాల్లో కనిపించినన్ని రకాల వలస పక్షులు మన నల్లగొండలో ఎందుకు కనిపించవు?

కారణం సముద్రమే. రాత్రంతా నీటి మీద ఎగిరిన పక్షికి ఎదురుగాలో పొగమంచో తగిలితే, వాలడానికి దొరికేది ఆ కాస్త నేలే. స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న ఫెయిర్ ఐల్ పొడవు సుమారు 5 కిలోమీటర్లు, చెట్లు దాదాపు లేవు. అందుకే సైబీరియా నుంచి దారి తప్పి వచ్చిన, పది గ్రాములైనా తూగని పిట్ట కూడా ఏ రాతిగోడ సందులోనో కంటపడుతుంది. 1948లో అక్కడ పరిశీలన కేంద్రం పెట్టారు. గరాటులా సన్నబడే వల బోనుల్లోకి పక్షులను తోలి పట్టుకుని, కాలికి అంకె చెక్కిన తేలికపాటి కడియం తొడిగి వదిలేస్తారు.

మన దగ్గర ఎటు చూసినా నేలే. చిన్న పిట్టలు చెట్టుకొకటిగా చెదిరిపోతాయి, కళ్లకు ఆనవు. అంతే తప్ప రావని కాదు! నీటి పక్షుల సంగతి వేరు. వేసవి ముందు కుంటలు ఎండుతుంటే బాతులు నీరు మిగిలిన చోటికి చేరతాయి. పానగల్లు ఉదయ సముద్రం చెరువు వంటి చోట్ల అప్పుడు తప్పక చూడండి. మహబూబ్‌నగర్ వైపైతే జొన్న పాలు పోసుకునే వేళ చేల మీద గులాబీ గోరింకల కోసం వెతకండి. మధ్య ఆసియా గడ్డి మైదానాల నుంచి వస్తాయవి. గుంపులో మట్టిరంగువి ఆ ఏడాది పుట్టిన పిల్లలు.