హెడ్‌సెట్ పెడితే మందు మానేస్తాడా?

ప్రశ్న: మా అన్నయ్య రోజూ తాగుతాడు, పొద్దున్నే చేతులు వణుకుతున్నాయి. వీఆర్ హెడ్‌సెట్ పెట్టి మాన్పిస్తారట, నిజమేనా?
– ఓ చెల్లెలు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: అదొక్కటే మాన్పించదమ్మా, కౌన్సెలింగ్‌కి తోడుగా వాడతారు. కళ్లకు పెట్టుకునే ఆ వీఆర్ హెడ్‌సెట్‌లో నిజంగా ఎదురుగా ఉన్నట్టే బారు, గ్లాసు, 'ఒక్క పెగ్గేరా' అని బలవంతపెట్టే స్నేహితుడు కనిపిస్తారు, తాగాలన్న కోరిక లేస్తుంది, అప్పుడు పక్కనున్న కౌన్సెలర్ అది తాగకుండానే ఎలా తగ్గుతుందో, వద్దని ఎలా చెప్పాలో సాధన చేయిస్తారు. గదిలో నేర్చింది సాయంత్రం బ్రాడీపేటలో స్నేహితుల మధ్య నిలబడాలి, అసలు పరీక్ష అదే.

కానీ మీకు అర్జెంటు అది కాదు. పొద్దున వణుకంటే శరీరం మందుకి బాగా అలవాటుపడినట్టే, ఒక్కసారిగా మానిపిస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకి రావచ్చు. ఒట్లు, తాయెత్తులు పక్కనపెట్టి ముందు సైకియాట్రిస్ట్‌కి చూపించండి. మత్తు అలవాటు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేసినా దారి చెబుతారు, ఉచితం.