పింక్ ఫ్లాయిడ్ ‘ఎకోస్’ సెట్ కొనాలా, ‘డార్క్ సైడ్’ ఒక్కటే కొనాలా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: కర్నూలులో డిగ్రీ చదువుతున్నావు, ఫోన్లో పింక్ ఫ్లాయిడ్ అనే బ్రిటన్ రాక్ బ్యాండ్ పాటలు నాలుగైదు విని వాటి మీద మనసు పడింది, నాన్న పాత సీడీ ప్లేయర్ బాగుచేయించుకున్నావు. బెంగళూరులో ఒక సెకండ్‌హ్యాండ్ కొట్లో ‘ఎకోస్’ అనే రెండు సీడీల బెస్ట్ ఆఫ్ (వేరువేరు ఆల్బంల నుంచి ఏరిన పాటల) సెట్ 900 రూపాయలకు కనపడింది. ఇంచుమించు అదే డబ్బుకి వాళ్ళ 1973 నాటి ఆల్బం ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఒక్కటే వస్తుంది. 26 పాటలు వదిలేసి 10 పాటలు ఎందుకు కొనాలి?

నేనైతే ‘డార్క్ సైడ్’ కొనమంటాను. ఈ లెక్క నేనూ ఒకసారి వేసుకుని, 26 పాటల వైపే మొగ్గినవాణ్ణి. అందుకే కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిగ్గా చదువు.

బెస్ట్ ఆఫ్‌లు మన ఊళ్ళకి కొత్తేం కాదు. తొంభైల్లో కర్నూలులో క్యాసెట్ రికార్డింగ్ సెంటర్లు ఉండేవి. కావలసిన పాటలు కాగితం మీద రాసిస్తే, 60 నిమిషాల ఖాళీ క్యాసెట్‌లోనో 90 నిమిషాల దాంట్లోనో ఎక్కించి రెండ్రోజుల తర్వాత ఇచ్చేవాళ్ళు. టేపు అయిపోతే ఆ వైపు చివరి పాట చరణం మధ్యలో తెగిపోయేది. ఇళయరాజాను మేమంతా అట్లనే విన్నాం, ఎప్పుడూ ఏ లోటూ అనిపించలేదు. సినిమా పాట విడిగా నిలబడేటట్టే కట్టి ఉంటుంది, పక్క పాట లేకపోతే దానికొచ్చే నష్టం లేదు. ఇంగ్లీషు బ్యాండ్లకు కూడా ఇదే పద్ధతి అని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను.

మొదటి దెబ్బ అనంతపురంలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు తగిలింది. హాస్టల్లో రూమ్మేట్ దగ్గర ఈగల్స్ అనే అమెరికా బ్యాండ్ పాట ‘హోటల్ కాలిఫోర్నియా’ విని, నెల ఖర్చుల్లో మిగిల్చిన డబ్బుతో బెంగళూరు పోయి ఈగల్స్ గ్రేటెస్ట్ హిట్స్ క్యాసెట్ తెచ్చుకున్నాను. రూముకొచ్చి రెండు వైపులా తిప్పి తిప్పి విన్నా ఆ పాట లేదు. అట్ట మీద 1971–1975 అని రాసే ఉంది. ఆ సంకలనం వచ్చింది 1976 ఫిబ్రవరిలో, ‘హోటల్ కాలిఫోర్నియా’ ఆల్బం వచ్చింది అదే ఏడాది డిసెంబరులో. 2018 నాటికే అమెరికాలో 38 సార్లు ప్లాటినం గుర్తింపు, అంటే 3 కోట్ల 80 లక్షల కాపీల లెక్క వచ్చిన సంకలనం అది. అంత పేరున్న దాంట్లో కూడా మనకు కావలసిన పాట ఉండకపోవచ్చు. అప్పటి నుంచి ఏ సంకలనం చేతికొచ్చినా ముందు వెనక అట్ట మీద సంవత్సరాలు చూస్తాను.

అసలు సంగతి దాని తర్వాతిది.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్ళోకి వచ్చాయి. అప్పటికి నువ్వు పలక పట్టే వయసులో ఉంటావు, ఇంట్లోవాళ్ళు చెప్పే ఉంటారు. మా ఇల్లు వన్ టౌన్లో. మేము మేడ ఎక్కి బతికాం. నా క్యాసెట్లు, సీడీలు కింద గదిలో, గోడ అలమరలో అడుగు అరలో ఉండేవి. నీళ్ళు తీశాక చూస్తే క్యాసెట్లన్నీ బురద ముద్దలు, టేపు చుట్టల మధ్యకి కూడా ఒండ్రు దూరింది. సీడీలు కుళాయి కింద కడిగితే కొన్ని పాడాయి, కొన్ని పాడలేదు. వాటితో వచ్చిన చిన్న పుస్తకాలు మాత్రం అట్టలకు అతుక్కుపోయి, విడదీయబోతే చేతిలోనే చిరిగిపోయాయి. బియ్యం దగ్గర్నుంచి నాన్న మందుల దాకా అన్నీ పోయిన ఆ వారంలో పాటల గురించి నోరెత్తడానికి నాకు మనసు రాలేదు.

రెండేళ్ళకి కాస్త తేరుకున్నాక మళ్ళీ కొనుక్కుందామని కూర్చున్నాను. పోయిన పింక్ ఫ్లాయిడ్ ఆల్బంలు ఐదు. ఐదూ కొనే స్థోమత లేదు. 2001లో వచ్చిన ‘ఎకోస్’లో మొదటి రోజుల నుంచి చివరి దాకా అన్ని కాలాల పాటలూ ఉన్నాయి కదా అని అదే తెప్పించుకున్నాను. నీకిప్పుడు వచ్చిన ఆలోచనే.

మొదటి రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. శబ్దం చక్కగా ఉంది. పాటలు ఒకదాంట్లోకి ఒకటి జారిపోయేటట్టు అతికారు, ఎవరో శ్రద్ధగా చేసిన పనేనని తెలుస్తుంది. కానీ ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’లో ఆ ఆడగొంతు మెల్లగా అణిగిపోయాక, నా చెవి నాణేల చప్పుడు కోసం చూసింది. ‘డార్క్ సైడ్’ సీడీలో దాని వెంటనే వచ్చేది ‘మనీ’, నాణేలు, గల్లాపెట్టె మోతతో మొదలవుతుంది. ఇక్కడ మధ్యలో 1968 నాటి ఇంకో పాట వచ్చి కూర్చుంది. రెండో సీడీలో ‘అస్ అండ్ దెమ్’ అయిపోగానే 1987 నాటి ‘లర్నింగ్ టు ఫ్లై’. ‘డార్క్ సైడ్’ పాటలకు మాటలు రాసిన రోజర్ వాటర్స్ అప్పటికి బ్యాండ్‌లోనే లేడు. పద్నాలుగేళ్ళు ఒక్క క్షణంలో దాటేస్తే, అంతసేపూ కట్టుకున్న లోకం ఒక్కసారిగా చెదిరిపోయినట్టయింది. ఇంకో మాట, ‘డార్క్ సైడ్’ను ముగించే రెండు పాటలు, ‘బ్రెయిన్ డ్యామేజ్’, ‘ఎక్లిప్స్’, ఈ సెట్లో లేనేలేవు. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతో ఆగే ఆల్బం అది. దానికి మొదలూ లేదు, తుదీ లేదు ఇక్కడ.

సెట్టుకు పేరిచ్చిన పాట సంగతి చూడు. 1971లో ‘మెడిల్’ ఆల్బంలో ‘ఎకోస్’ పాట ఒక వైపు మొత్తం నిండి ఉంటుంది, 23 నిమిషాల పైమాటే. ఇక్కడ దాన్ని సుమారు ఏడు నిమిషాలు కోశారు. ఆ పాటలో గాలి ఊళలు, ఏవో పక్షుల అరుపులు వినిపించే నడిమి భాగం ఉంది. హాస్టల్లో కరెంటు పోయిన రాత్రుల్లో బ్యాటరీల మీద వినేవాణ్ణి. చీకట్లో దారి తప్పినట్టుండి, తర్వాత మెల్లగా వెలుతురు వచ్చినట్టుండేది. ఆ తప్పిపోయిన సేపు తక్కువైతే వెలుతురు వచ్చిన ఆనందమూ తక్కువవుతుంది. ‘షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్’ అయితే ‘విష్ యు వర్ హియర్’ ఆల్బంను మొదట సగం, చివర సగం రెండు గోడల్లా పట్టుకుని నిలబెడుతుంది. బ్యాండ్ మొదలుపెట్టినవాళ్ళలో ఒకడై, మనసు చెదిరి దూరమైపోయిన సిడ్ బారెట్‌ను తలచుకుని కట్టిన పాట. ఇందులో తొమ్మిది భాగాల్లో ఏడింటిని ఒకచోట కలిపేశారు. గోడలు రెండూ తెచ్చి పక్కపక్కన పెట్టినట్టుంది, మధ్యలో ఇల్లు లేదు.

నా బాధ నాకే సరిగ్గా అర్థం కాలేదు, మంచి పాటలు చాలావరకు ఉన్నాయి కదా మరి! అర్థమయ్యేటట్టు చెప్పింది మా నాన్న. ఆయనకు పౌరాణిక నాటకాల పద్యాలంటే ప్రాణం, పద్యాల క్యాసెట్లు ఆయనవీ వరదలోనే పోయాయి. “క్యాసెట్లో కృష్ణుడి పద్యం ఎన్నిసార్లు విన్నా బాగానే ఉంటాది రా. కానీ పొద్దుగూకి చాప పరుచుకుని కూర్చుని, తెల్లవారుజామున రాయబారం సీను దాకా మేలుకుని, దుర్యోధనుడి మాటలకు నీకే ఒళ్ళు మండిపోతాంటే అప్పుడొచ్చే పద్యం ఉందే, అది వేరే” అన్నాడు. నాకు కావలసింది ఆ మేలుకుని ఉండటమే.

దీనికి వాళ్ళ పని తీరే కారణం. చిన్న రికార్డు మీద ఒక పాట విడిగా విడుదల చేయడాన్ని సింగిల్ అంటారు. రేడియోలో మోగేవి అవే, హిట్లయ్యేవీ అవే. 1968 చివరి నుంచి 1979 చివరలో ‘అనదర్ బ్రిక్ ఇన్ ద వాల్’ దాకా పింక్ ఫ్లాయిడ్ వాళ్ళు తమ దేశంలో ఒక్క సింగిల్ కూడా వేయలేదు. వాళ్ళ గొప్ప ఆల్బంలన్నీ ఇంచుమించు ఆ పదకొండేళ్ళలో వచ్చినవే. హిట్ల కోసం పాడని కాలం నుంచి హిట్లు ఏరడమంటే ఎట్లా కుదురుతుంది?

అన్ని బ్యాండ్లకూ నేనీ మాట చెప్పను. క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ ‘క్రానికల్’, 1976లో వచ్చింది, 20 పాటలు. చాలావరకు రెండు మూడు నిమిషాల పాటలే, సింగిల్స్‌గా పుట్టినవే. అది కళ్ళు మూసుకుని కొను. క్వీన్ వాళ్ళ 1981 నాటి ‘గ్రేటెస్ట్ హిట్స్’ కూడా అంతే. బ్రిటన్లో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన ఆల్బం అది, 2022లో అక్కడ 70 లక్షలు దాటింది. 17 పాటల బ్రిటన్ ముద్రణ దొరికితే మంచిది, ‘బొహీమియన్ రాప్సొడీ’తో మొదలై ‘వి ఆర్ ద చాంపియన్స్’తో ముగుస్తుంది. ఫ్రెడీ మెర్క్యురీ (మన పంచగనిలో బడి చదువు చదివినవాడే), బ్రయాన్ మే, జాన్ డీకన్ ఎవరి పాట తీరు వారిదే, కాబట్టి పాట పాటకూ రంగు మారడం అక్కడ అందం. వరద తర్వాత నేను కొన్న వాటిల్లో మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి కూడా ఆపకుండా వినే సంకలనం అదొక్కటే.

ఫోన్లో ఉన్నాయి కదా, అసలు కొనడమెందుకు అని కూడా అడిగావు. ఉచిత యాప్‌లో పాటకూ పాటకూ మధ్య ప్రకటన దూరుతుంది. ‘డార్క్ సైడ్’లో పాటల మధ్య సందు ఉండదు, ఆ అతుకు దగ్గరే సగం ప్రాణం ఉంది. సీడీ కొనడానికి నాకు ఆ ఒక్క కారణం చాలు.

కాబట్టి ముందు ‘డార్క్ సైడ్’. 43 నిమిషాలే, పరీక్షల్లో కూడా దొరుకుతాయి. దాని తర్వాత ‘విష్ యు వర్ హియర్’, ఆ తర్వాత ‘మెడిల్’. కొట్లో సీడీని వెలుతురుకు ఎత్తి చూడు. నడిమి నుంచి అంచుకు పోయే సన్న గీతలుంటే ఫర్వాలేదు, గుండ్రంగా చుట్టూ తిరిగిన గీతలుంటే తీసుకోవద్దు, పాట ఎగిరిపోతుంది. లోపల పుస్తకం ఉందో లేదో కూడా చూసుకో.

ఆ మూడూ అయ్యాక ‘ఎకోస్’ ఇంకా ఆ కొట్లోనే ఉంటే, అప్పుడు తీసుకో. 1967లో సింగిల్స్‌గా వచ్చిన ‘ఆర్నాల్డ్ లేన్’, ‘సీ ఎమిలీ ప్లే’ బ్రిటన్లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బంలో లేవు, ఇందులో ఉన్నాయి. 1982లో సినిమా కోసం చేసిన ‘వెన్ ద టైగర్స్ బ్రోక్ ఫ్రీ’ ఉంది. రోజర్ వాటర్స్ తండ్రి 1944లో ఇటలీలో ఆంజియో యుద్ధంలో చనిపోయాడు, అప్పటికి రోజర్ నెలల పిల్లవాడు. ఆ తండ్రి కోసం పాడిన పాట అది. ‘ఎకోస్’ కంటే ముందు వాళ్ళ ఏ ఆల్బంలోనూ చేరలేదు. మా నాన్న పోయిన ఏడాది దాన్ని ఎన్నిసార్లు విన్నానో నాకే లెక్క తెలియదు. ఆ మూడు పాటల కోసం నా సెట్ ఇప్పటికీ అలమరలో ఉంది, ఇప్పుడు పై అరలో.