ముగింపు తేదీ ముందే ఎందుకు వస్తోంది?

ప్రశ్న: గాజువాకలోని మా ఫ్యాబ్రికేషన్ షెడ్డు పనులను మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో నమోదు చేస్తున్నాము. మొదలుపెట్టిన తేదీకి అంచనా రోజులు కలిపితే వచ్చే తేదీకి ఏ పనీ పూర్తి కావడం లేదు. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీరు అంచనా వేసినవి పనిదినాలు, డేట్_యాడ్ ఫంక్షన్ కలిపేవి క్యాలెండర్ రోజులు. 2025 జనవరి 6, సోమవారం మొదలైన 12 రోజుల పనికి అది 18వ తేదీ చూపుతుంది. కానీ ఆదివారాలనూ, 13 నుంచి 15 వరకు భోగి, సంక్రాంతి, కనుమలనూ తీసేసి, మొదటి రోజును కూడా లెక్కలోకి తీసుకుంటే పని ముగిసేది 22న. పండుగ మూడు రోజులూ వెల్డర్లు వస్తారని ఆశించడం ఎలాగూ అత్యాశే.

అందువల్ల తేదీకి ఒక వరుస చొప్పున క్యాలెండర్ టేబుల్ తయారు చేసుకుని, ప్రతి తేదీ పనిదినమా, సెలవా అన్నది అందులో గుర్తించండి. ఆపై ప్రారంభ తేదీ నుంచి పనిదినాలను మాత్రమే తేదీల వరుసలో అమర్చి, లిమిట్ 1 (ఒక్క వరుసే చూపు), ఆఫ్‌సెట్ 11 (ముందున్న 11 వరుసలు వదిలెయ్) అని అడిగితే పన్నెండో పనిదినం వస్తుంది. ఆఫ్‌సెట్ లెక్క సున్నాతో మొదలవుతుంది కనుక 12 అని రాయకూడదు. తుపాను వల్ల పని ఆగితే ఆ తేదీలను సెలవుగా మార్చి ఆ క్వెరీని (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నను) మళ్లీ నడిపితే చాలు.