‘మూడేళ్ల డిగ్రీతో ఆగిపోతే ఎలా?’: ఒక గాజువాక నాన్నకు జవాబు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీలో 1000కి 912 మార్కులు తెచ్చుకుంది. బీఎస్సీ స్టాటిస్టిక్స్ చదువుతానంటోంది. మూడేళ్ల డిగ్రీకి విలువ లేదు, బీటెక్ చేయించి ఎంఎస్‌కి పంపమని అమెరికాలో ఉన్న మా అన్నయ్య అంటున్నాడు. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఆనర్స్ అన్నారు, ఇంకొకరు అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ అన్నారు. వీటిలో ఏది ఎంత చదువు? ఎక్కడి దాకా చదివిస్తే పిల్ల సెటిలవుతుంది? సబ్బవరం దగ్గర 200 గజాల స్థలం ఉంది. ఎంఎస్ కోసం ఇప్పుడే అమ్మకానికి పెట్టమంటారా?

జవాబు:

రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి కాలేజీలు తెరిచేదాకా ఈ ప్రశ్న నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. ఒకరు శ్రీహరిపురం నుంచి, ఒకరు మధురవాడ నుంచి. గ్రూపులు మారతాయి, భయం మాత్రం ఒకటే. ఇప్పుడు చిన్న చదువులో చేర్పిస్తే పిల్ల అక్కడే ఇరుక్కుపోతుందేమో, రేపు మనల్నే అంటుందేమో అని. ముందు దానికి జవాబు చెబుతాను. ఇరుక్కుపోదు.

బీఎస్సీ, బీకాం, బీటెక్ మూడూ ఒకే మెట్టు. ఎంబీబీఎస్‌లో కూడా ‘బీ’ అంటే బ్యాచిలరే. ఏళ్లు తేడా, ఫీజులు తేడా, పెళ్లి సంబంధాల్లో చెప్పుకునే గొప్ప తేడా, అంతే. సివిల్స్‌కి, బ్యాంక్ పీవోకి అడిగేది ఏదో ఒక డిగ్రీ. అక్కడ మీ పాప, పక్కింటి బీటెక్ అబ్బాయి ఒకే హాల్లో కూర్చుంటారు. స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా డిగ్రీ చేసినవాళ్లకు యూపీఎస్సీ ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ అని వేరే పరీక్షే పెడుతుంది. ఆ పరీక్ష రాసే అర్హత మామూలు బీటెక్‌కి రాదు. ఈ సంగతి మీ అన్నయ్యగారు మీకు చెప్పి ఉండరు, ఆయన తప్పు కాదు, ఆయన చదివిన దారి అది కాదు.

పై మెట్టు మాస్టర్స్, మనం పీజీ అనేది. మీ అన్నయ్యగారు చెప్పే ఎంఎస్ కూడా ఈ మెట్టే. మూడేళ్ల డిగ్రీ మీద రెండేళ్లు. పాప ఎమ్మెస్సీ చేయాలనుకుంటే పీజీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఆంధ్రా యూనివర్సిటీలో చేరవచ్చు, ఐఐటీల్లో చేరాలంటే జామ్ అనే పరీక్ష రాయవచ్చు. జామ్‌లో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్‌కి పేపరే ఉంది. జూనియర్ కాలేజీలో పాఠం చెప్పాలంటే ఆ మెట్టు కావాలి. డిగ్రీ కాలేజీలో చెప్పాలంటే దాని మీద నెట్ గానీ సెట్ గానీ (ఇవి లెక్చరర్ అర్హత పరీక్షలు) పీహెచ్‌డీ గానీ ఉండాలి. పీహెచ్‌డీ గురించి ఇప్పుడు మీరు ఆలోచించకండి, ఇంటర్ పాసైన పిల్ల ముందు ఆ మాట ఎత్తితే దానికి అనవసరంగా టెన్షన్.

ఆనర్స్ మాటకొస్తే, 2020 జాతీయ విద్యా విధానం తర్వాత వచ్చిన పద్ధతి ఇది. మూడేళ్లు చదివి డిగ్రీ తీసుకోవచ్చు, నాలుగో ఏడు కూడా చదివితే ఆనర్స్. ఆ నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకుంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హత ఇస్తూ, యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2022లో నిబంధన మార్చింది. మీకు ఇందులో కావలసిన ముక్క ఏమిటంటే, పాప మూడేళ్ల దగ్గర ఆగాలా, నాలుగో ఏడు చదవాలా అనేది ఇవాళ తేల్చుకోనక్కర్లేదు. చేరే కాలేజీలో నాలుగో ఏడు నడుస్తోందా లేదా అని మాత్రం ఇప్పుడే అడగండి. ఇక ఇంటిగ్రేటెడ్ అంటే డిగ్రీ, పీజీ కలిపి ఒకే కోర్సుగా అయిదేళ్లు. ఆ కోర్సు వాళ్లను అడగాల్సింది ఒకటే: మధ్యలో పిల్లకు కుదరక మూడేళ్లకు బయటికొస్తే చేతికి ఏ సర్టిఫికెట్ ఇస్తారు? సూటిగా చెప్పలేని చోట అయిదేళ్ల ఫీజుకు ఒప్పుకోకండి.

మీ అన్నయ్యగారి మాటలో నిజం లేకపోలేదు. అమెరికాలో బ్యాచిలర్స్ నాలుగేళ్లు. దాని కింద రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ ఒకటి ఉంటుంది, మన దగ్గర సరిగ్గా దానికి జోడీ లేదు. మన మూడేళ్ల డిగ్రీని అక్కడ కొన్ని యూనివర్సిటీలు తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. అదే బ్రిటన్‌లో చాలా చోట్ల డిగ్రీ మూడేళ్లే, మాస్టర్స్ ఏడాదే. కాబట్టి ‘విలువ లేదు’ అన్న మాట మొత్తం ప్రపంచానికి చెప్పేది కాదు. ఇంకో తికమక కూడా ఉంది. మనకు గ్రాడ్యుయేట్ అంటే డిగ్రీ అయిపోయినవాడు. అక్కడ గ్రాడ్యుయేట్ స్కూల్ అంటే మన పీజీ. ఫోన్లో అన్నదమ్ములిద్దరూ ఒకే పదం వాడుతూ రెండు వేరు చదువుల గురించి వాదించుకోవడం నేను చాలా ఇళ్లలో చూశాను.

ఇప్పుడు ఎంఎస్ సంగతి. ఇక్కడ నా మనసులో మాట చెప్పాలి.

బాగా ఇష్టపడి, ఏం చదవాలో తెలిసి ఎంఎస్‌కి వెళ్లిన పిల్లలను చూశాను, వాళ్లను చూస్తే సంతోషమే. కానీ ఇప్పుడు విశాఖలో ఎంఎస్ ఒక చదువులా లేదు, ఇంటర్ తర్వాత డిగ్రీ ఎలాగో డిగ్రీ తర్వాత ఎంఎస్ అలాగ అయిపోయింది. ఉద్యోగం రాకపోతే ఎంఎస్, వచ్చిన ఉద్యోగం నచ్చకపోతే ఎంఎస్. చదువు పూర్తయ్యాక అక్కడ పనిచేసుకోవడానికి ఓపీటీ కింద 12 నెలలు ఇస్తారు, స్టెమ్ సబ్జెక్టులైతే, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్ అయితే, ఇంకో 24 నెలలు. ఆ తర్వాత హెచ్1బీ ఉద్యోగ వీసా కోసం లాటరీ. అప్పు మీద వడ్డీకి మాత్రం లాటరీ ఉండదు, నెల తిరిగేసరికి వస్తుంది. రెండేళ్ల కిందట ఒక అబ్బాయి తిరిగొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. మెకానికల్ చదివి, డేటా అనలిటిక్స్‌లో ఎంఎస్ చేశాడు. ఆ సబ్జెక్టు ఎందుకు తీసుకున్నావు నాన్నా అంటే, ‘కన్సల్టెన్సీ వాళ్లు ఫారం నింపారండి’ అన్నాడు. తెలివైన పిల్లాడు. ఆ మాట చెప్పేటప్పుడు తల పైకెత్తలేదు.

మెట్టు పేరు సరిగా చదవకపోవడం ఇంకో ప్రమాదం. ఒక వానాకాలం సాయంత్రం ఒక తల్లీ కొడుకూ తడిసిన గొడుగుతో వచ్చారు. కెనడాలో మాస్టర్స్ సీటు వచ్చిందన్నారు. ఆఫర్ లెటర్ టేబుల్ మీద పరిచి మూడో లైన్ కింద వేలు పెట్టి చదవమన్నాను. అక్కడ ‘పోస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్’ అని ఉంది. ఎనిమిది నెలల కోర్సు. ఆ చదువు పనికిరానిదని కాదు, వాళ్లు డబ్బు సిద్ధం చేసుకున్నది మాత్రం దానికి కాదు. డిప్లొమా అన్న పేరు చూసి చులకన చేయమని కూడా కాదు. 2017లో ఐఐఎంల చట్టం వచ్చేదాకా ఐఐఎంలు ఇచ్చింది డిప్లొమాయే, ఎంబీఏ డిగ్రీ కాదు. అక్కడ పేరున్నది సంస్థకి. అందుకే ఎవరు ఏ కోర్సు చెప్పినా రెండు అడగండి: చివర్లో కాగితం మీద అచ్చయ్యే పేరేమిటి, ఇచ్చే సంస్థకు గుర్తింపు ఎవరిది?

ఇక మీతో కొంచెం గట్టిగా మాట్లాడాలి, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో మీ అన్నయ్య మాట ఉంది, కన్సల్టెన్సీ మాట ఉంది, ఎవరో ఇంకొకరి మాట ఉంది. పాప స్టాటిస్టిక్స్ ఎందుకు అడుగుతోందో ఒక్క ముక్క లేదు. మీరు అడగలేదు కాబట్టి రాయలేకపోయారు. ఉత్తరం మీరు పాప నోట్‌బుక్‌లో కాగితం చింపి రాశారు. వెనక్కి తిప్పి చూస్తే పెన్సిల్‌తో గీసిన పట్టిక ఉంది, స్టాండర్డ్ డీవియేషన్ లెక్క. స్కేలు పెట్టి గళ్లు గీసింది. జవాబు రాసి, అది తప్పని తనే కనిపెట్టి, చెరిపి, రెండో పద్ధతిలో మళ్లీ చేసి సరిచూసుకుంది. పరీక్షలు అయిపోయిన పిల్ల ఆ పని ఎందుకు చేసిందో ఈ రాత్రి అన్నం దగ్గర అడగండి. అడిగి, తను చెప్పేదాకా ఆగండి. మధ్యలో మీ అన్నయ్య పేరు ఎత్తకండి.

ఒకవేళ రెండో ఏడులో తనకే ఇంజినీరింగ్ మీద మనసు పుట్టిందనుకోండి, మ్యాథ్స్‌తో బీఎస్సీ చేసినవాళ్లు ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరే దారి మన రాష్ట్రంలో ఉంది. కాబట్టి చేరే ముందు కాలేజీలో మ్యాథ్స్ ఎంతవరకు ఉంటుందో, ఆ కాంబినేషన్ ఈసెట్‌కి సరిపోతుందో కనుక్కోండి. కంప్యూటర్ల వైపు పోవాలంటే ఎంసీఏ ఉంది, అది ఇప్పుడు రెండేళ్లే.

స్థలం అమ్మొద్దు, బోర్డు పెట్టి ఉంటే తీయించేయండి. ఇప్పుడు చెల్లించాల్సింది బీఎస్సీ మొదటి ఏడాది ఫీజు, దానికి 200 గజాలు అక్కర్లేదు. మూడో ఏడులోకి వచ్చాక, ఎక్కడ ఏం చదవాలో పాప తన నోటితో చెప్పాక, ఆ స్థలం గురించి మళ్లీ రాయండి.