లెక్కలు విడిచిపెట్టకుండా భూగోళం చదవనివ్వండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర, సముద్రానికి చేరువలో ఉన్న పల్లె. కొంత కొబ్బరి, కొంత వరి ఉన్నాయి. మా అమ్మాయి ఈ ఏడాది ఎంపీసీతో ఇంటర్ పూర్తిచేసింది. ఇంజనీరింగ్ వద్దు, భూగోళశాస్త్రం చదువుతానంటోంది. పటాలు గుర్తుపెట్టుకునే ఆ చదువుతో టీచరు ఉద్యోగం తప్ప ఏం వస్తుంది? పోనీ, సచివాలయంలో సర్వేయరు పోస్టయినా వస్తుందా? దగ్గర్లోని కళాశాలల్లో ఆ సబ్జెక్టే లేదంటున్నారు. దూరం పంపించాలా, నచ్చజెప్పి ఆపాలా? – ఒక తండ్రి, కోనసీమ

జవాబు: అయ్యా, నచ్చజెప్పే ముందు మీ అమ్మాయిని ఒక్క మాట అడగండి. ఇంజనీరింగ్ వద్దనడం లెక్కల మీద విసుగుతోనా, నేల మీద, నీటి మీద ఉన్న ఆసక్తితోనా? నా సలహా అంతా ఆమె చెప్పే జవాబును బట్టే ఉంటుంది. లెక్కల నుంచి తప్పించుకోవడానికి ఈ శాస్త్రంలోకి వచ్చినవారు పీజీలో గణాంకాలు, పటాల ప్రొజెక్షన్లు (గుండ్రటి భూమిని చదునైన పటంగా మార్చే లెక్కలు), ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ ఎదురుకాగానే కంగుతినడం నేను చూశాను. మీ అమ్మాయికి ఎంపీసీ పునాది ఉంది కాబట్టి, ఆ పునాదిని వదులుకోనంతవరకు ఆమె కోరిక తెలివితక్కువదేమీ కాదు.

భూగోళం అంటే పటాలు గుర్తుపెట్టుకోవడమని మీరు అనుకోవడంలో తప్పు మీది కాదు, మా ఉపాధ్యాయులది. నేను ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పిన రోజుల్లో డెల్టా పాఠానికి నల్లబల్ల మీద నైలు నది బొమ్మ వేసి, మూడు మూలల గ్రీకు అక్షరం ఆకారంలో ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని చెప్పి, పిల్లలచేత రెండుసార్లు వల్లెవేయించాను. వెనక బల్ల మీది కుర్రవాడొకడు లేచి, "మేస్టారండీ, మరి మన లంకలు ఆ మూడు మూలల్లో ఏ మూలన ఉంటాయండీ?" అని అడిగాడు. బడి వెనక అర కిలోమీటరు నడిస్తే వశిష్ఠ ఏటిగట్టు వస్తుంది. అయినా నేను ఆ పిల్లలను ఒక్కసారైనా గట్టు ఎక్కించలేదు. చరిత్ర, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం, భూగోళం నాలుగూ ఒకే మాస్టారు చెప్పే మన బడుల్లో భూగోళం వాటా చివరికి పరీక్షలో పటం మీద పేర్లు గుర్తించే ప్రశ్నగా కుదించుకుపోతుంది. మీరు చూసినది ఆ మిగులు మాత్రమే.

అసలు శాస్త్రం ఎలా ఉంటుందో మీ పొలం నుంచే చెప్పవచ్చు. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. వేల ఏళ్లుగా నది తెచ్చిన ఒండ్రుతో తీరం ముందుకు జరుగుతూ వచ్చినకొద్దీ, పాత తీరరేఖలు ఇసుక మెరకలుగా వెనక మిగిలిపోయాయి. మీ వైపు ఊళ్లు, కొబ్బరి తోటలు ఎక్కువగా ఆ మెరకల మీద, వరి వాటి నడుమ పల్లాల్లో ఎందుకున్నాయో అక్కడే తెలుస్తుంది. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేసిన కాటన్ దొర ఆనకట్ట కింద సాగునీటి కాలువలను మెరకల వెంట నడిపించారు, ఎందుకంటే నీరు అక్కడి నుంచి రెండు వైపులా పొలాలకు దిగగలదు. మురుగు కాలువ మాత్రం పల్లంలోనే నడవాలి, తీరానికి సమాంతరంగా ఉన్న ఇసుక మెరకలను దాటుకొని, పోటుకు ఎదురెళ్లి సముద్రంలో కలవాలి. పోటు వేళ ఆ డ్రెయిన్ నీరు వెనక్కి తన్నడం, ఉప్పునీరు పైకెక్కి కొబ్బరి మొవ్వులు ఎండిపోవడం మీకు అనుభవంలో ఉన్న విషయాలే. ఎగువన కట్టిన ఆనకట్టలు ఒండ్రును ఆపేయడం, ఒండ్రు నేల తన బరువుకే కుంగడం, సముద్రమట్టం పెరగడం, వీటిలో దేని వాటా ఎంతో కొలిచి చెప్పడం భూగోళ శాస్త్రజ్ఞుల పని. చమురు, గ్యాసు తవ్వకాల వల్లే నేల దిగబడుతోందని మన ప్రాంతంలో చాలాకాలంగా ఒక వాదన ఉంది. దాన్ని నమ్మేవారైనా, కాదనేవారైనా చివరికి కొలతల దగ్గరికే రావాలి.

1986 ఆగస్టు వరద పైనుంచి వచ్చింది. 1996 నవంబరు తుపాను కిందనుంచి, సముద్రం వైపు నుంచి వచ్చింది. రెండింటినీ చూసిన పెద్దవాళ్లు మీ ఇంట్లోనే ఉండి ఉంటారు. ఏ ఇంటి గుమ్మం దాకా నీరు వచ్చిందో వారు వేలుపెట్టి చూపిస్తారు. విశ్వవిద్యాలయాల్లో దీన్నే క్షేత్ర అధ్యయనం అంటారు.

ఇప్పుడు మీ అమ్మాయి ఆసక్తి నిజమో కాదో తేల్చే పరీక్ష సంగతి. ఈ వేసవిలో సాగునీటి కాలువలకు నీరు ఆపేసే రోజుల్లో, తీరానికి దగ్గరి డ్రెయిన్లలో ఆటుపోట్ల ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది. ఒక వెదురు గడకు అంగుళాల గుర్తులు పెట్టించి, వంతెన దగ్గర లోతు తక్కువ ఉన్నచోట మీరే పాతండి. మీ అమ్మాయి గట్టు మీద నుంచే రోజూ నాలుగైదు సార్లు నీటి ఎత్తు, వేళ రాసుకోవాలి. రోజుకు రెండు పోట్లు వస్తాయని, మర్నాడు అదే పోటు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుందని, అమావాస్యకు, పౌర్ణమికి నీరు ఇంకా ఎత్తుకు లేస్తుందని తన గీతల్లోనే ఆమెకు కనిపించాలి. తర్వాత ఇస్రో వారి భువన్ పోర్టల్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి, ఆ డ్రెయిన్ పొడవునా ఎండిన తోటలు ఎక్కడున్నాయో గుర్తించి, పటాలు గీయడానికి ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో తన పటం తానే గీసుకోవాలి. భారత సర్వే సంస్థ 1:50,000 పటాన్ని కూడా చూడమనండి. సాధారణంగా 20 మీటర్ల ఎత్తుకు ఒక కాంటూరు గీత (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) ఉండే ఆ పటంలో కోనసీమ లోపల అలాంటి గీత దాదాపు కనబడదు. మన ఎత్తుపల్లాలన్నీ ఆ మొదటి గీతకు దిగువనే ఉన్నాయి కాబట్టి, ఇక్కడ అంగుళాల్లో కొలిచేవారే కావాలి. ఎవరూ గుర్తుచేయకుండా నెల రోజులపాటు ఆ నోటుపుస్తకం నిండితే నిశ్చింతగా ఫీజు కట్టండి. వారానికే ఆగిపోతే ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కు తీసుకెళ్లండి, అందులోనూ నష్టమేమీ లేదు.

ఇక దారి. మన ఇంటర్ కళాశాలల్లోనూ, డిగ్రీ కళాశాలల్లోనూ భూగోళం చెప్పేవి చాలా తక్కువన్న మాట నిజమే. 2023-24 నుంచి రాష్ట్రంలో డిగ్రీ ఒక మేజరు, ఒక మైనరు పద్ధతిలోకి మారింది. అందువల్ల రాజమహేంద్రవరంలోనో, కాకినాడలోనో గణితం, కంప్యూటర్ సైన్స్, భూగర్భశాస్త్రం వంటి మేజరుతో బీఎస్సీ చేసి, పీజీలో భూగోళానికి మారడం ఒక మార్గం. అయితే, తాను చేరదలచిన విశ్వవిద్యాలయం ఎంఎస్సీ భూగోళానికి డిగ్రీలో ఏ సబ్జెక్టులు అడుగుతోందో బీఎస్సీలో చేరే ముందే చూసుకోవాలి, ఆఖరి సంవత్సరంలో కాదు. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగోళశాస్త్ర శాఖతోపాటు, ఇంజనీరింగ్ కళాశాలలో జియో ఇంజనీరింగ్ విభాగం కూడా ఉంది. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర, హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లోనూ భూగోళ శాఖలున్నాయి. డిగ్రీ నుంచే భూగోళం కావాలని పట్టుబడితే కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాసి ఢిల్లీ విశ్వవిద్యాలయం వైపు వెళ్లవచ్చు, పీజీకైతే జేఎన్‌యూ కూడా ఉంది. డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్ఎస్ రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహాలతో దూరం నుంచే నేలను పరిశీలించడం), జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాలు, స్థల సమాచారం కలిపి విశ్లేషించడం)లలో ఉచిత ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది. అక్కడి ఎంటెక్‌కు పట్టా ఇచ్చేది మన ఆంధ్ర విశ్వవిద్యాలయమే. నా అభిప్రాయం అడిగితే, పదిహేడేళ్ల పిల్లను ఢిల్లీ పంపడం కన్నా, దగ్గర్లో గట్టి గణితంతో బీఎస్సీ చేయించి, ఆ మూడేళ్లూ జీఐఎస్ విడిగా నేర్పించి, పీజీకి దూరం పంపడమే మేలు.

సర్వేయరు పోస్టు మీద ఆశతో మాత్రం ఈ చదువులో చేర్పించకండి. గ్రామ సర్వేయరు నియామకాల్లో అడిగింది సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ ఐటీఐ, సివిల్ డిప్లొమా, బీటెక్ సివిల్ వంటి అర్హతలను, భూగోళశాస్త్రం పట్టాను కాదు. టీచరు ఉద్యోగానికైతే బీఎడ్‌లో సోషల్ మెథడాలజీ చేసి డీఎస్సీ కోసం చూడాలి. 2018 డీఎస్సీ తర్వాత పెద్ద ఎత్తున నియామకాలు మళ్లీ 2025లోనే జరిగాయి కాబట్టి, ఎదురుచూపులో ఏళ్లు గడిచిపోగలవని లెక్కవేసుకోండి. డిగ్రీ కళాశాల అధ్యాపకత్వానికి సాధారణంగా పీజీతోపాటు నెట్ గానీ, సెట్ గానీ అర్హత పరీక్ష పాసవ్వాలి. సివిల్స్ రాస్తే భూగోళం ఐచ్ఛికంగా 500 మార్కులకు ఉంటుంది, జనరల్ స్టడీస్‌లోనూ కలిసొస్తుంది. కాని అదొక్కటే గురిగా చదువు ఎంచుకోవడం నాకు ఇష్టం ఉండదు.

ఈ శాస్త్రానికి సొంతమైన పని వేరే ఉంది. ఉపగ్రహ చిత్రాలు చదివే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, సముద్ర సమాచారం, సునామీ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ రెండూ హైదరాబాదులోనే ఉన్నాయి. జనగణన శాఖకు పటాల విభాగం ఉంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం పటాల తయారీ మీది ఆంక్షలు చాలావరకు సడలించి, 2022 డిసెంబరులో జాతీయ జియోస్పేషియల్ (పటాలు, స్థల సమాచారం) విధానాన్ని ప్రకటించాక ప్రైవేటు సంస్థలకు దారి తెరుచుకుంది. తొలి జీతాలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల స్థాయిలో ఉండకపోవచ్చు. ప్రభుత్వ కేంద్రాల్లోనూ మొదట దొరికేవి ఎక్కువగా ప్రాజెక్టు కాలానికి ఇచ్చే తాత్కాలిక ఉద్యోగాలు. అక్కడ ఎంపికలో పట్టా పేరుతోపాటు ప్రోగ్రామింగ్, గణాంకాలు, చేసిన పటాలు చూస్తారు. అందుకే లెక్కలు వదలవద్దని ఇంతగా చెబుతున్నాను.

డిగ్రీ ప్రవేశాల గడువులోపు ఆ నెల రోజుల కొలతలు పూర్తికావాలంటే గడ ఈ వారంలోనే పాతాలి. పైగా వరదల కాలం వచ్చి గోదారికి ఎర్రనీరు తగిలితే, డ్రెయిన్‌లో ఏది పోటు, ఏది వరద అని విడదీయడం మొదటిసారి కొలిచేవారికి కష్టమవుతుంది.