టెక్ సందేహాలు: సైటేషన్లు వేలల్లో ఉంటే పొడి పనిచేస్తుందా?

ప్రశ్న: బరువు తగ్గించే పొడి ప్రకటన ఒకటి వాట్సాప్‌లో వచ్చింది. ‘ఊబకాయంపై పరిశోధించిన డాక్టర్ ఫార్ములా, 40 వేల సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 85’ అని వేశారు. నిజమో కాదో ఫోన్‌లోనే చూసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

చూసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. సైటేషన్ అంటే ఒకరి పేపరును ఇతరులు తమ పేపర్లలో ప్రస్తావించడం. బ్రౌజర్‌లో గూగుల్ స్కాలర్ (పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ సైటు) తెరిచి ఆ డాక్టర్ పేరు కొట్టండి. ప్రొఫైల్ ఉంటే పైనే వస్తుంది. అంకెల జోలికి వెళ్లేముందు పేరు కింద ‘వెరిఫైడ్ ఈమెయిల్’ ఏ సంస్థదో చూడండి. ఈ ప్రొఫైళ్లు ఎవరికి వారు తెరుచుకునేవే. పేపర్లను గూగుల్ తనంతట తానే ఏరుకొచ్చి తగిలిస్తుంది. యజమాని పట్టించుకోకపోతే పక్కవాళ్లవీ అందులోనే పడి ఉంటాయి.

అసలు తిరకాసు పేర్లతోనే. ఆకలిని అదుపు చేసే హార్మోన్ లెప్టిన్. దాని జన్యువును 1994లో పట్టుకున్న రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీ శాస్త్రవేత్త జెఫ్రీ ఫ్రీడ్‌మన్‌నే తీసుకోండి. వైద్య పరిశోధన పేపర్లు వెతికే ఉచిత సైటు పబ్‌మెడ్‌లో ఆయన పేరు ‘ఫ్రీడ్‌మన్ జె.ఎం.’ కెనడాలో జన్యువైద్య నిపుణుడు ఇంకొకాయన ఉన్నారు, ఆయనా ‘ఫ్రీడ్‌మన్ జె.ఎం.’ అనే! పేరొక్కటే కొడితే ఇద్దరి పేపర్లూ కలగలిసి వస్తాయి. పక్కన ‘లెప్టిన్’ అని చేరిస్తే చాలావరకు విడిపోతాయి. ఆ లెప్టిన్ పేపర్లో మొదటి పేరు వై. జాంగ్. ఆ పేరుతో వెతికితే ఇక సముద్రంలో దిగినట్టే. మన కె. రావులు, ఎస్. రెడ్డిల సంగతి చెప్పక్కర్లేదు. ఈ గొడవ తీర్చడానికే 2012లో ఆర్కిడ్ (ORCID) అనే గుర్తింపు నంబరు వచ్చింది. పరిశోధకుల ఆధార్ నంబరనుకోండి.

ఇక హెచ్-ఇండెక్స్. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త చెప్పిన లెక్క ఇది. ఒకాయన అయిదు పేపర్లను 100, 40, 9, 3, 1 సార్లు ఇతరులు ప్రస్తావించారనుకోండి. కనీసం మూడేసి సార్లు ప్రస్తావించినవి మూడైనా ఉన్నాయి, నాలుగేసి సార్లు ప్రస్తావించినవి నాలుగు లేవు. కాబట్టి ఆయన హెచ్-ఇండెక్స్ 3. ఆ 100 కాస్తా 10 వేలైనా ఇది 3 దగ్గరే ఆగిపోతుంది. లెప్టిన్ పేపరును పది వేలసార్లకు పైగానే ప్రస్తావించారు. ఈ లెక్కలో దానికి దక్కేదీ ఒక్క మెట్టే.

మొత్తం సైటేషన్ల అంకె దీనికి తిరగబడ్డ బాపతు, ఒక్క పేపరుతోనే ఉబ్బిపోతుంది. ప్రపంచమంతటా బరువుల లెక్క తీసి 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వేసిన పేపరుకు రచయితలు వెయ్యి మందికి పైనే. దాన్ని ఎవరు ఉటంకించినా అందరి ఖాతాలోనూ తలా ఒకటి పడుతుంది.

తప్పని తేలి వెనక్కి తీసుకున్న పేపర్ల సైటేషన్లు కూడా చెరిగిపోవు. తిండి అలవాట్ల మీద రాసి పేరు తెచ్చుకున్న కార్నెల్ ప్రొఫెసర్ బ్రయాన్ వాన్సింక్ పేపర్లు ఆరింటిని 2018 సెప్టెంబరులో జామా వైద్య పత్రికలు ఒక్కసారే వెనక్కి తీసుకున్నాయి. అలాంటి పేపరు పేజీ పబ్‌మెడ్‌లో తెరిస్తే ‘రిట్రాక్టెడ్’ అని పైనే కనిపిస్తుంది. అందుకే నేను స్కాలర్‌లో లెక్క చూసి, పేపరు మాత్రం పబ్‌మెడ్‌లో తెరుస్తాను.

సరే, 40 వేలూ నిజమే అనుకుందాం. అయితే పొడి పనిచేస్తుందా? లెప్టిన్‌కు అంత పేరొచ్చినా అది అందరి బరువూ తగ్గించే మందు కాలేదు. ఊబకాయం ఉన్న చాలామందిలో లెప్టిన్ ఇప్పటికే ఎక్కువగా ఉంటుంది, పైనుంచి ఇంకాస్త ఇచ్చినా ఒళ్లు స్పందించదు. పుట్టుకతోనే అది లేని కొద్దిమందికి మాత్రం ఇంజెక్షన్ బ్రహ్మాండంగా పనిచేసింది. కాబట్టి డాక్టర్ పేరు వదిలేసి, ఆ పొడి పేరూ, డబ్బా మీద రాసిన దినుసుల పేర్లూ పబ్‌మెడ్‌లో కొట్టండి. మనుషుల మీద చేసిన పరీక్ష ఒక్కటీ రాకపోతే డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.

ప్రశ్న: ఒకే ప్రొఫెసర్‌కు స్కాలర్‌లో ఒక అంకె, స్కోపస్ అనే పేపర్ల డేటాబేస్‌లో తక్కువ అంకె. ఏది సరైంది?
– పీహెచ్‌డీ విద్యార్థి, తిరుపతి

రెండూ సరైనవే. స్కాలర్ థీసిస్‌లనూ ప్రీప్రింట్‌లనూ (పత్రికలో అచ్చవకముందే నెట్‌లో పెట్టిన పేపర్లు) కూడా లెక్కేస్తుంది, స్కోపస్ తాను ఎంచుకున్న పత్రికలు, పుస్తకాల వరకే చూస్తుంది. మీ దరఖాస్తు ఫారంలో ఏది అడిగారో అదే రాసి, పక్కన తేదీ వేయండి. థీసిస్ రిఫరెన్సులు జొటేరో అనే రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకుంటే, వాటిలో వెనక్కి తీసుకున్న పేపరేదైనా ఉంటే అదే ఎర్రగా చూపిస్తుంది. ఉచితమే.